ఎర్రచుక్క ముఖం పైకి

మా ఆయన నాగేశ్వర చేతికి ఏమిచ్చినా నొక్కి చూస్తాడు. మామిడిపండు నొక్కుతాడు, అది న్యాయమే. ఇడ్లీ నొక్కుతాడు. కొత్త పరుపు కొనడానికి పోతే అంగట్లోనే పది నిమిషాలు నొక్కి, అంగడాయన 'సార్, ఇంటికి తీసుకుపోయి నొక్కుకోండి' అనేదాకా వదల్లేదు. చపాతీపిండి కలిపి పక్కన పెడితే తిరిగి వచ్చేసరికి దాని నడుమ బొటనవేలి గుంట ఉంటుంది. పిండి మీద మూత పెట్టడం నేను ఈగల కోసం నేర్చుకోలేదు, ఈయన కోసం నేర్చుకున్నాను.

దీన్ని జబ్బు అనడానికి లేదు. ఇందుకే కాలేజీవాళ్లు నెలనెలా జీతమిస్తున్నారు. ఒక వస్తువు ఇంకో వస్తువును తాకి నొక్కితే ఆ తాకిన చోట ఏం జరుగుతుంది అన్నదే ఆయన చదువు, ఆయన పాఠం, ఆయన రాత. ఇనుము, ఇత్తడి సంగతి ఎప్పుడో తేలిపోయిందట. ఈయనవి తెలివైన రాళ్లు. వాటిని నొక్కితే కరెంటు పుడుతుంది. కరెంటు పుడితే లోపలి అయస్కాంతం కదులుతుంది. బయట అయస్కాంతం పెడితే రాయి ఒళ్లు విరుచుకుంటుంది. ఒకదాన్ని కదిలిస్తే మిగతా రెండూ పలుకుతాయి. అదీ అన్ని వైపులా ఒకేలా పలకవు. పైనుంచి నొక్కితే ఒక జవాబు, పక్కనుంచి నొక్కితే ఇంకో జవాబు.

అట్లాంటి రాళ్ల గురించి మూడు వందల పేజీలు రాసిన మనిషి, ఇంట్లో మాత్రం ఎటునుంచి అడిగినా ఒకటే జవాబిస్తాడు. 'ఊఁ' అంటాడు.

ఆ మూడు వందల పేజీలూ టైపు చేసింది నేనే. నా పేరు చంద్రిక. ధర్మవరంలో పట్టుమగ్గాల ఇంట్లో పుట్టి, అనంతపురంలో బీఎస్సీ చదివి, పెళ్లయ్యాక ఆ చదువును ఎక్కడ పెట్టాలో తెలియక మా ఆయన చేతిరాతను కంప్యూటర్లోకి ఎక్కించే పనిలో పెట్టాను. చదవకుండా టైపు చేయడం నాకు రాదు. మొదట్లో అర్థమయ్యేది కాదు. తర్వాత ఒకరోజు మా నాయన గుర్తొచ్చాడు. చిన్నప్పుడు నన్ను మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని, 'పడుగు పక్క లాగితే ఒగ తీరు, పేక పక్క లాగితే ఒగ తీరు, ఐమూలగా లాగితే రబ్బరు మాదిరి సాగుతాది పాపా. గుడ్డకు దిక్కులుంటాయి' అనేవాడు. మా ఆయన ఆ సంగతే అరవై పేజీల్లో చెప్పాడు. మా నాయన మాటే తొందరగా అర్థమవుతుంది గానీ, మా ఆయన మాటకు ఫుట్‌నోట్లు ఉన్నాయి.

మేముండేది అనంతపురం ఊరి బయట, కళ్యాణదుర్గం రోడ్డు వైపు ఒక లేఅవుట్‌లో. నలభై ప్లాట్లు, ఏడు ఇళ్లు. మిగతా ముప్పై మూడు ప్లాట్లలో హద్దురాళ్లు, కంపచెట్లు, గాలి. మాకు పిల్లల్లేరు. గాలికి గేటు కొట్టుకుంటే ఎవరో వచ్చారని లేచే అలవాటు మానుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. పొద్దున ఆయన కాలేజీకి పోయాక నేను నోరు విప్పి మాట్లాడేది నీళ్ల ట్యాంకరు డ్రైవరుతో. ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది.

జనవరిలో ఆయన బాత్రూంలో జారి కుడి మడమ విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు కట్టు కట్టి, ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నాడు. వస్తువులు తాకితే ఏమవుతుందో ఇంత తెలిసిన మనిషిని తడిబండ ఎట్లా మోసం చేసిందో అడుగుదామనిపించింది. కట్టు చూసి జాలిపడి రెండు రోజులు ఆగాను. మూడో రోజు అడిగాను. 'ఊఁ' అన్నాడు.

ఆయన కాలేజీకి పోలేడు కనుక ప్రశాంతి మా ఇంటికి రావడం మొదలైంది.

ప్రశాంతి ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. తనకల్లు పక్కన పల్లె. వాళ్ల నాయన ఓబులేష్ గొర్రెలు మేపుతాడు. ఆ పిల్ల పగలంతా ల్యాబులో రాళ్లు నొక్కి, సాయంత్రం ఐదింటికి మెయిన్ రోడ్డు మీద షేర్ ఆటో దిగి, ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని, కంపచెట్ల మధ్య దారిన నడిచి వచ్చేది. మొదటి రోజు నన్ను మేడమ్ అంది. రెండో రోజూ మేడమ్ అంది. మూడో రోజు తన పళ్లెం తానే కడగడానికి వంటింట్లోకి వచ్చి, "అక్కా, ఒగటి చెప్తా ఏమనుకోవద్దు. ఊరిబిండిలో ఉప్పు తక్కువైంది" అంది.

నా వంట మీద ఒక మనిషి అభిప్రాయం చెప్పి ఎన్నేళ్లయిందో లెక్కేసుకున్నాను. ఆ రాత్రి పొయ్యి గట్టు తుడుస్తూ మిగిలిన ఊరిబిండి పచ్చడిలో మళ్లీ ఉప్పు వేశాను, తినేవాళ్లు ఎవరూ లేకపోయినా.

ముందు గదిలో మాత్రం రోజూ గొడవే. మా ఆయన సిద్ధాంతం ప్రకారం, రాతిని పైముఖం మీద గుండ్రటి మొనతో నొక్కితే తాకిన చోటు గుండ్రంగా ఉండాలి, మీటరు ఇంత వోల్టేజి చూపించాలి. ప్రశాంతి దగ్గర నాలుగు రాళ్లున్నాయి. ఒక్కొక్కటి పాచికంత, బూడిదరంగు, ఆరు ముఖాలూ చూపుకు ఒకటే. వాటితో ఆయన సిద్ధాంతం నిజమని ఆ పిల్ల చూపించాలి. ఫిబ్రవరి ఆఖరుకు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆరేళ్ల చదువు ఉత్తదవుతుంది.

"మొదటిది, రెండోది, నాలుగోది కోడిగుడ్డు మాదిరి పడతాండాయి సార్. పొడుగ్గా. మీటరు లేచేదే లేదు. మూడోది మాత్రం మీరు చెప్పినట్లే వచ్చింది."

"మూడోది నువ్వు జాగ్రత్తగా చేసినావు. మిగిలినవి చేయలే."

"నాలుగూ ఒగే మాదిరి చేసినా సార్."

"ఒగే మాదిరి చేసింటే ఒగే మాదిరి వచ్చిండేది కదమ్మా. టేబుల్ వాలిందేమో చూడు."

"రసమట్టం పెట్టి చూసినా సార్. బుడగ నడిమధ్యనే ఉండాది."

"వైరు చూడు."

"వైరు మార్చినా."

"మళ్లా మార్చు."

నేను వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ వినేదాన్ని. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మా గోడల మధ్య అన్ని మాటలు ఎప్పుడూ తిరగలేదు. దేవుడు క్షమించాలి, వాళ్ల గొడవ నాకు పండగలా ఉండేది.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక మంగళవారం. బొరుగులతో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేశాను. పళ్లేలు పట్టుకుని ముందు గదిలోకి పోయేసరికి ప్రశాంతి సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి మా ఆయన ముందు తెరిచింది. లోపల స్పాంజి, స్పాంజిలో నాలుగు గుంటలు, గుంటల్లో నాలుగు రాళ్లు.

"మీరే చూడండి సార్. ఎర్రచుక్క ఉండేదే పైముఖమని కంపెనీ కాగితంలో రాసినారు. నేను నాలుగూ ఎర్రచుక్క ముఖం పైకి పెట్టే నొక్కినా."

మా ఆయన చూశాడు. చుక్కలు ఉన్నాయి. నేనూ చూశాను. బజ్జీల పళ్లెం బల్ల మీద పెట్టేశాను, లేకపోతే కింద పడేది.

ఆ డబ్బా నాకు తెలుసు. కిందటి దసరాకు రెండు రోజుల ముందు వచ్చింది. సెలవుల్లో ల్యాబులో ఉంచడానికి భయపడి మా ఆయన ఇంటికి తెచ్చి, టీవీ కింద పెట్టి, అన్న పొలం పనుందని నల్లమాడకు పోయాడు. ఆయుధపూజ రోజు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఒంటరిగా ఉన్న మనిషి పూజ కొంచెం ఎక్కువే చేస్తుంది. కత్తిపీట కడిగాను, కుట్టుమిషన్ తుడిచాను, స్కూటర్‌కు దండ వేశాను, మిక్సీకి బొట్టు పెట్టాను. ఇంకా చేతిలో పసుపు కుంకుమ మిగిలాయి. మా ఆయన బతుకంతా ఆ రాళ్ల మీదే కదా, ఆయన ఆయుధాలు అవే కదా అని డబ్బా తీశాను. ఒక్కో రాతి మీద సిరా మరక లాంటిది చిన్నగా ఎర్రగా ఉంది. దేవుడి ముందు మరకతో ఎందుకని, కరోనా నాటి శానిటైజర్ బాటిలు ఇంకా సగం ఉంటే దానితో శుభ్రంగా తుడిచాను. ఏ ముఖం పైకి వస్తే ఆ ముఖానికి పసుపు రాసి, కుంకుమను నూనెలో కలిపి, అగ్గిపుల్ల కొనతో ముద్దుగా చుక్క పెట్టాను. మర్నాడు ఆయన వచ్చేలోపు, చూస్తే అరుస్తాడని మళ్లీ తుడిచాను. పసుపు పోయింది. కుంకుమ పోలేదు. నూనెతో పాటు రాయి దాన్ని పీల్చుకుంది. చిన్న చుక్కే కదా, ఎవరు చూస్తారులే అని మూత పెట్టేశాను.

చదవకుండా టైపు చేయలేనని గొప్పలు చెప్పుకునే నేను, ఆ డబ్బా మూతకు లోపలి వైపు అంటించిన కాగితం మాత్రం చదవలేదు.

నాకు అనుమానం కూడా మిగల్లేదు. మా ఆయన పుస్తకంలో మొదట నాలుగో అధ్యాయం ఒకటి ఉండేది. రాతిని పక్కకు పడుకోబెట్టి నొక్కితే తాకిన చోటు కోడిగుడ్డులా సాగుతుందనీ, మొన కింద వోల్టేజి దాదాపు పుట్టదనీ అందులో ఉంది. అది ఎవరికీ పనికిరాదని, అచ్చుకు ముందు చదివిన ఎవరో పెద్దమనిషి రాసి పంపితే, ఆయన అలిగి తీసి పక్కన పడేశాడు. ఎక్కడా అచ్చు కాలేదు. ఆయన మరిచిపోయాడు. ప్రశాంతికి అట్లాంటిది ఉందనే తెలియదు. లోకంలో ఆ అధ్యాయం గుర్తున్నది టైపు చేసినదానికే. ఆరు ముఖాల రాతికి పైదో కిందదో దొరకడానికి మూడింట ఒక వంతు అవకాశం. నాలుగింట్లో ఒకటి నా చేతికి సరిగ్గా పడింది. అదే మూడోది.

చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను.

అప్పుడే మా ఆయన అన్నాడు. "చూడు ప్రశాంతీ, ఇది తేలిపోతే నువ్వు ఇంత దూరం వచ్చే పని లేదు. హాస్టల్లోనే కూర్చుని రాసుకోవచ్చు. తేలేదాకా మాత్రం రోజూ రావాల్సిందే."

"వస్తా సార్" అని, ఆ పిల్ల నా వైపు తిరిగి, "అక్కా, బజ్జీ శానా బాగుండాది. ఇంకొగటి ఉండాదా?" అంది.

ఇంకొకటి ఉంది. తేవడానికి వంటింట్లోకి పోయాను. తిరిగి వచ్చేటప్పటికి నా నోరు మూసుకుని ఉంది.

ఆరోజు చెప్పలేదు. బుధవారం చెబుదామనుకున్నాను. బుధవారం ట్యాంకరు రాలేదు, నీళ్లు లేని రోజు ఇట్లాంటి మాటలెందుకని ఆగాను. గురువారం ట్యాంకరు వచ్చింది. ఆరోజు ఓళిగలు చేస్తానని ఆ పిల్లకు మాటిచ్చి ఉన్నాను, పూర్ణం రుబ్బుతూ చెప్పే సంగతా ఇది అనుకున్నాను. కారణాలకు నేనెప్పుడూ కరువు పడలేదు. మా జిల్లాలో అవొక్కటే వాన లేకపోయినా పండుతాయి.

ఆ సాయంత్రాలు ఎట్లా ఉండేవో చెప్పాలి, లేకపోతే నన్ను ఉత్త దుర్మార్గురాలు అనుకుంటారు. అనుకున్నా తప్పు లేదు గానీ, ముందు వినండి. గొడవ అయ్యాక ప్రశాంతి వంటింటి గడప మీద కూర్చుని శెనక్కాయలు ఒలిచేది. నేను గంట పనిని రెండు గంటలు చేసేదాన్ని.

"మా నాయన గొర్రె కడుపు మీద చెయ్యి పెట్టి నొక్కి చూస్తాడక్కా. ఎన్ని దినాలకు ఈనుతాదో చెప్తాడు. తప్పేదే లేదు."

"అయితే మీ సార్‌కు మీ నాయన గైడుగా ఉండాల్సింది."

"మా నాయన ఒప్పుకోడక్కా. సార్ గొర్రెకు ముందు సమీకరణం రాస్తాడు. అంతలోకి అది ఈనేసి ఉంటాది."

ఇద్దరం నవ్వేవాళ్లం. ముందు గదిలోంచి మా ఆయన, "ఏందక్కడ?" అనేవాడు. "ఏం లేదు సార్, శెనక్కాయల్లో పుచ్చులు శానా ఉండాయి" అనేది ఆ పిల్ల, మొహం కదలనీయకుండా. ఏడింటికి లేచి పోయేది. నేను గేటు దాకా పోయి, ఆ పిల్ల సెల్‌ఫోను లైటు కంపచెట్ల మధ్య చిన్నదవుతూ మెయిన్ రోడ్డు చేరేదాకా నిలబడేదాన్ని. తర్వాత లోపలికి వచ్చి, ఉన్నవి నాలుగు గిన్నెలే అయినా ఎక్కువ చప్పుడు చేస్తూ కడిగేదాన్ని.

ఒకరోజు మా ఆయనను అడిగాను. కట్టు కాలు దిండు మీద పెట్టుకుని పేపరు చూస్తున్నాడు.

"ఒగ మాట అడుగుతా. ఆ రాళ్లు పక్కకు తిరిగి ఉండాయేమో అనుకోకూడదా?"

ఆయన పేపరు దించాడు. నేను అడిగిన ప్రశ్నకు ఆయన పేపరు దించడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

"చుక్క ఉండాది కదా చంద్రికా."

"చుక్క తప్పేమో."

"కంపెనీవాళ్లు మిషన్‌తో చూసి పెడతారు. చుక్క ఏంటికి తప్పు చెప్తాది? మనుషులు తప్పు చేస్తారు. ఆ పాపకు ఓపిక తక్కువ."

"మళ్లా ఒగసారి పరీక్ష చేయిస్తే?"

"ఆ మిషన్ బెంగళూరులో ఉండాది. మూడు నెలలు ఆగాల." పేపరు మళ్లీ పైకి లేచింది.

అక్కడ చెప్పి ఉండొచ్చు. ఆయన ఒక్కడే ఉన్నాడు, తిట్టినా నలుగురిలో తిట్టినట్టు కాదు. ఆయన ఊఁ అనకుండా నాలుగు వాక్యాలు మాట్లాడాడన్న సంతోషంతో లేచి పోయి కాఫీ పెట్టాను.

తొమ్మిదో రోజు ఆయన తేల్చేశాడు. "మూడోది ఒగటే రాసిచ్చెయ్ ప్రశాంతీ. మిగిలిన మూడూ రాయొద్దు. పదిహేను దినాలే ఉండాది."

"మూడు రాళ్లు ఒగ మాట చెప్తాండాయి, ఒగ రాయి ఇంకో మాట చెప్తాండాది సార్. ఆ ఒగటే నిజమని నేనెట్ల రాసేది?"

"అది నా లెక్కతో సరిపోయింది కాబట్టి."

"అట్లయితే నేను నొక్కడం ఏంటికి సార్? లెక్క ఉండాది కదా."

మా ఆయన పేపరు చేతిలోకి తీసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ పిల్ల గడువు దాటిపోతుందని ఆయనకు నిజంగానే భయం. తన లెక్క తప్పేమో అన్న భయం దానికి కిందనో పైననో ఉండేది, నాకు తెలియదు. రాత్రుళ్లు ఆయన బొటనవేలితో దిండు నొక్కుతూ కూర్చోవడం చూశాను.

ఆ సాయంత్రం ప్రశాంతి శెనక్కాయలు ఒలవలేదు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

"ఏమైంది?"

"ఏం లేదక్కా. చెయ్యి వణుకుతాండాది. ఈ దినం ల్యాబులో ముప్పై సార్లు చేసినా. మొన దించేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టినా." గ్లాసు కింద పెట్టి, తన అరచేతులు తిప్పి చూసుకుంది. "నా చేతిలోనే ఏదో ఉండాదేమో అక్కా. కొందరికి మొక్కలు బతకవు చూడు, అట్ల."

"గమ్మున ఉండు. చేతిలో ఏముంటాది?" అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. అప్పుడు కూడా, రేపు సొరకాయ పులుసు చేస్తే ఆ పిల్లకు నచ్చుతుందా అని ఒక పక్క ఆలోచిస్తూనే ఉన్నాను.

పదో రోజు ఆ పిల్ల రాలేదు. ఐదయింది, ఆరయింది. గేటు రెండుసార్లు కొట్టుకుంది. రెండుసార్లూ లేచాను.

పదకొండో రోజు మధ్యాహ్నం మూడింటికే వచ్చింది. ల్యాప్‌టాప్ లేదు. చేతిలో డబ్బా ఒక్కటే ఉంది. నిలబడే మా ఆయన బల్ల మీద పెట్టింది.

"సార్, ఇవి మీ దగ్గర పెట్టుకోండి. నేను రేప్పొద్దున కదిరి బస్సుకు ఊరికి పోతాండా. హాస్టల్ ఖాళీ చేసినా."

"ఏం మాటలు ప్రశాంతీ? కూర్చో ముందు."

"నాయనకు చెప్పినా సార్. రా పాపా, ఈడ బడిలో టీచరు కావాలంటాండారు, చేరుదువు అన్నాడు. అబద్ధం రాసి డాక్టరు అనిపించుకునేకంటే అదే మేలు. మీరు తప్పని నేను అనడం లే సార్. నాకే చేతకాలే. ఆరేండ్లు మీ టైము వృథా చేసినా."

ఆ ఆఖరి మాట క్షమాపణ అడుగుతున్నట్టు అంది. మా ఆయన కట్టుకాలి వైపు చూస్తూ, "ఇట్ల తొందరపడితే ఎట్లమ్మా" అన్నాడు. ఆ పిల్ల నా వైపు తిరిగి, "పోయొస్తానక్కా" అంది.

"నువ్వు కూర్చో" అన్నాను. "ఆ చుక్కలు కంపెనీవి కాదు. నేను పెట్టినవి."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను చెప్పాను. ఆయుధపూజ చెప్పాను, ఆయన నల్లమాడకు పోవడం చెప్పాను, శానిటైజర్ చెప్పాను.

"శానిటైజర్‌తో తుడిచినావా?" అన్నాడు మా ఆయన.

"తుడిచినా."

"కుంకుమ పెట్టినావా?"

"పసుపు కూడా పెట్టినా. అది పోయింది."

"యా ముఖానికి పెట్టినావు?"

"యాది పైకి వస్తే దానికి. మీ నాలుగో అధ్యాయం తెరిచి చూడండి. కోడిగుడ్డు అందులో ఉండాది, మీటరు లేవకపోవడం కూడా ఉండాది."

ఆయన డబ్బా దగ్గరికి లాక్కుని ఒక చుక్కను బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత ఆ అధ్యాయం తెమ్మన్నాడు. నా కంప్యూటర్లోంచి తీసి ఇచ్చాను. ప్రశాంతి తన ఫోనులో కొలతలు తెరిచింది. ఆయన చెబుతుంటే ఆ పిల్ల పెన్నుతో లెక్క వేసింది, పేపరు అంచు మీద, సినిమా ప్రకటనల పక్కన. మొదటి రాయి. గుడ్డు పొడవును వెడల్పుతో భాగిస్తే సిద్ధాంతం ఎంత చెప్పిందో ఆ పిల్ల కొలత అంతే చెప్పింది, మూడో అంకె దాకా. రెండో రాయి అంతే. నాలుగోది వేసేటప్పటికి ఆ పిల్ల పెన్ను కింద పెట్టేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

మా ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కట్టుకాలు దిండు మీద ఊగేంత నవ్వు. "మూడు రాళ్లు కుంకుమకు మొక్కినాయమ్మా, మనం కంపెనీకి మొక్కినాం" అన్నాడు. "నీ కొలతలు అన్నీ కరెక్టు ప్రశాంతీ. ఒగ థీసిస్ అనుకుంటే ఒగటిన్నర థీసిస్ అయింది. పైనుంచి ఒగటి, పక్కనుంచి మూడు. ఎవరూ చేయలే ఇట్ల. బస్సు సంగతి మరిచిపో. హాస్టల్ వార్డెన్‌తో నేను మాట్లాడతా." తాను కూడా ఆ పిల్లను అనవసరంగా అన్నాననే మాట ఆయన పెదవుల దాకా వచ్చినట్టే ఉంది గానీ, అక్కడ ఏదో ముఖ్యమైన పని గుర్తొచ్చినట్టు నాలుగో అధ్యాయంలో తల దూర్చాడు. పేజీ తిప్పుతూ నా వైపు చూడకుండానే, "పోనీలే చంద్రికా, తెలియక చేసినావు. దసరాకు అందరూ పెడతారు బొట్లు. ఇప్పుడన్నా గుర్తొచ్చింది, అంతే చాలు" అన్నాడు.

ఇరవై రెండేళ్లలో నాకు దొరికిన అతి పెద్ద మాఫీ అది. చేయి చాపితే తీసుకోవచ్చు. కాఫీ పెట్టడానికి వంటింటి వైపు రెండు అడుగులు వేశాను కూడా.

ప్రశాంతి కళ్లు తుడుచుకుంటూ నా వెనకే వచ్చింది. గడప దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత పని చేసినావక్కా" అంది నవ్వుతూ. "ఇది నీకు ఎప్పుడు గుర్తొచ్చింది? ఇప్పుడేనా?"

ముందు గదిలో మా ఆయన పేజీలు తిప్పే చప్పుడు ఆగింది. ఇప్పుడే అంటే అయిపోయేది. ఆ పిల్ల నమ్మేది. రేపు పెళ్లికో పబ్బానికో పిలిచేది, అక్కా అనేది, కుంకుమ కథ తన పిల్లలకు చెప్పి నవ్వించేది.

"ఇప్పుడు కాదు" అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు, అందుకని ఇంకా కష్టమైంది. "ఉగ్గాని చేసిన దినమే తెలిసింది. నువ్వు డబ్బా తెరిచినావే, అప్పుడే. పదకొండు దినాలైంది. నీ చెయ్యి వణికేది చూసినా, నీ చేతిలోనే ఏదో ఉండాదని నువ్వంటే విన్నా, అయినా నోరు తెరవలే. ఇది తేలిపోతే నువ్వు మళ్లా మా ఇంటికి రావనే భయంతో చెప్పలే. తప్పు చేసినా ప్రశాంతీ. నాది తప్పు."